ఆరంగుళాల లెన్సూ రెండంగుళాల లెన్సూ

ఇప్పటికీ మా ఇంటికి ఎవరైనా కెమెరా మెడలో వేసుకొచ్చి, "దీని లెన్సు ఇంతండీ" అని గొప్పగా చెబితే, "ఎంత ఫిలిం మీద?" అని అడుగుతాను. సగంమంది దగ్గర జవాబుండదు. ముసలావిడకి చాదస్తం అనుకుని నవ్వి ఊరుకుంటారు. అనుకోనీండి. ఆ ఒక్క ప్రశ్న వేయడం తెలియని పెద్దమనుషులు ఒకప్పుడు నన్ను నిండు విచారణలో దొంగదాన్ని చేయబోయారు. ఆ ప్రశ్న వేయడం తెలియబట్టే కొల్లేటిలో ఒక లంకకి దారి నిలిచింది. అందుకని ఆ చాదస్తం నేను వదులుకోను.

మాది ఏలూరు. కాలువ పక్క వీధిలో మా ఆయనకి ఫొటో స్టూడియో ఉండేది. స్టూడియో అంటే ఇంటి వెనక వసారాయే. ఉత్తరం వైపు పెంకులు తీయించి అద్దాలు వేయించారు. కింద ఊళ్ళో నేసిన తివాచీ, దాని మీద ఒక కుర్చీ, పక్కన పూలకుండీ పెట్టడానికి ఒక బల్ల. పంతొమ్మిదివందల ముప్ఫైల నడుమ మాట ఇది. కెమెరా హాఫ్ ప్లేటుది, అంటే ఆరున్నరకి నాలుగుముప్పావు అంగుళాల గాజుపలక మీద బొమ్మ పడేది. టేకు చెక్క పెట్టె, తోలు తిత్తి, మూడుకాళ్ళ స్టాండు. పెళ్ళిళ్ళకి దాన్ని పట్టుకెళ్ళాలంటే జట్కా కట్టించాల్సిందే.

నేను పుట్టింది తాడేపల్లిగూడెంలో. ఆడపిల్లకి ఈ మాత్రం చాలన్నంత చదివించి ఆపేశారు గానీ, లెక్కలు మాత్రం నన్ను వదల్లేదు. పెళ్ళయి ఏలూరు వచ్చాక, మా ఆయన నల్లగుడ్డ కప్పుకుని కెమెరా వెనక ఏం చూస్తారా అని ఉబలాటపడేదాన్ని. ఒకరోజు చూడనిచ్చారు. గరుకు అద్దం మీద మనుషులు తలకిందులుగా వేలాడుతూ నవ్వుతున్నారు. ఆ పూటంతా నాకు వంట మీద ధ్యాస లేదు. తర్వాత రెండేళ్ళకి, డెవలపరులో కలిపే మెటాల్ మందు ఆయన ఒంటికి పడక చేతులు పగిలి, రసి కారి, వేళ్ళు ముడవడమే కష్టమైపోయింది. డాక్టరు ఆ మందు ముట్టుకోవద్దన్నాడు. చీకటి గది పని నా మీద పడింది. పడింది అనకూడదు, నేనే లాక్కున్నాను. ఆ వెనకే ఆడవాళ్ళ ఫొటోలు కూడా నేనే తీయడం మొదలుపెట్టాను. ఆయన ముందు మెడ వంచుకు కూర్చునేవాళ్ళు నా ముందు దర్జాగా తలెత్తి కూర్చునేవాళ్ళు. వీధిలో కొందరు చెవులు కొరుక్కున్నారు. కొరుక్కున్న చెవులు వాళ్ళవి, నాకేం నొప్పి?

అలా ఉండగా మా అన్నయ్య గూడెం నుంచి ఒక చిన్న కెమెరా పంపించాడు. అన్నయ్య అక్కడ రైల్వేలో గుమాస్తా. దేశానికి తిరిగి వెళ్ళిపోతున్న దొర ఒకాయన దాన్ని అన్నయ్య చేతిలో పెట్టి వెళ్ళాడట. అన్నయ్యకి అందులో ఫిలిం ఎలా వెయ్యాలో తెలియలేదు. "విసుగొచ్చి బొగ్గుల్లో పడేసే లోపల నీకు పంపుతున్నాను" అని చీటీ రాశాడు.

అది రెండు అరచేతుల్లో ఇమిడిపోయేది. సినిమా ఫిలిమే అందులోనూ వేయాలి. ఒక్కో బొమ్మ అంగుళంన్నర పొడవు కూడా ఉండదు, వెడల్పు అంగుళానికి లోపే. లెన్సు రెండంగుళాలు. మా హాఫ్ ప్లేటు లెన్సు ఎనిమిదిన్నర అంగుళాలు. మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వేశారు.

"ఎనిమిదిన్నరెక్కడ, రెండెక్కడే? దీంతో తీస్తే మనుషులు చీమల్లా పడతారు."

"తీసి చూద్దామండీ."

"చూసేదేముంది? అంగుళాలు అంగుళాలే కదా."

నాకు ఒళ్ళు మండింది. రెండు కెమెరాలూ వీధి అరుగు మీద పక్కపక్కన పెట్టి కాలువ వైపు తిప్పాను. చాకిరేవు మెట్ల నుంచి అవతల కట్టేసిన ధాన్యం పడవ దాకా రెండింటితోనూ తీశాను. చిన్న ఫిలిమును పెద్దది చేసే యంత్రం మాకు లేదు. చీకటి గది కిటికీకి అట్ట బిగించి, అట్టలో కంత కోసి, కంతకి నెగటివు ఆనించి, ముందు ఒక లెన్సు పెట్టి, బయటి ఎండ వెలుగుతోనే కాగితం మీదికి బొమ్మ దింపాను. రెండు ఫొటోలూ ఒకే సైజు చేసి ఆయన ముందు పెట్టాను. పక్కలకి ఇంచుమించు ఒకటే. అదే మెట్టు, అదే పడవ. చిన్నదాంట్లో పైన ఆకాశం కాస్త, కింద నీళ్ళు కాస్త తగ్గాయి, అంతే తేడా.

ఆయన రెండింట్లోనూ వేలితో మెట్లు లెక్కపెట్టి చూశారు. తర్వాత, "ఇదెలాగే?" అన్నారు.

"మీరు కిటికీలోంచి వీధి చూస్తారు కదండీ. చిన్న కిటికీకి దగ్గరగా కూర్చున్నా, పెద్ద కిటికీకి దూరంగా కూర్చున్నా వీధి అంతే కనిపిస్తుంది. లెన్సు పొడవంటే కిటికీకి మీరెంత దూరంలో కూర్చున్నారన్నమాట. ప్లేటు కిటికీ. కిటికీ ఎంతో చెప్పకుండా దూరం ఒక్కటే చెబితే ఏం తెలుస్తుంది?"

ఆయన మంచివారు. తప్పు అని తెలిస్తే ఒప్పుకోవడానికి సిగ్గుపడరు. ఆ రోజు నుంచి స్టూడియోలో మా ఇద్దరికీ ఒక పద్ధతి ఏర్పడింది. తివాచీ పడుగుకి వాడే గట్టి నూలుదారం ఒకటి మేకుకి వేలాడేది. ఏ కెమెరా చేతికొచ్చినా ముందు ప్లేటుని మూలకి మూల దారంతో కొలవడం, ఆ దారాన్ని లెన్సు పొడవు పక్కన పెట్టడం. రెండూ సమానమైతే మామూలు చూపు. దారం కన్నా లెన్సు పొట్టిదైతే ఎక్కువ మేర చూస్తుంది, కానీ అంతా చిన్నదిగా, దూరంగా పడుతుంది. లెన్సు పొడుగైతే తక్కువ మేర చూసి పెద్దదిగా చూపిస్తుంది. ఇంతకన్నా విద్యేమీ లేదు అందులో. కానీ ఇది తెలియని ఫొటోగ్రాఫర్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

ఆ ఏడు ఎండాకాలం మా వీధి ప్లీడరుగారు మా అరుగు ఎక్కారు. కొల్లేటిలో ఒక లంకవాళ్ళ తగువు ఆయన నెత్తినేసుకున్నారు.

కొల్లేరు తెలియనివాళ్ళకి ఒక మాట. వానాకాలం అది సముద్రం. ఎండాకాలం నీరు తీసేసి, బురదా తుంగా బయటపడి, నడుమ పాయలు మిగులుతాయి. లంకల్లో ఉండేవాళ్ళు తాటిదోనెల మీద ఆ పాయల్లోంచే బయటి ప్రపంచానికి రావాలి. వెదురుతో అల్లిన మావులు ఆ పాయల్లోనే పెట్టి చేపలు పట్టాలి. ఒడ్డు ఊరి కామందు ఒకాయన నీరు తీసిన నేలలో వరి వేస్తూ, ఏటా తన గట్టుని కాస్త కాస్త లంక వైపు జరుపుకుంటూ వచ్చాడు. ఇదేమిటని అడిగితే గట్టు ఎవరు పోశారో ఎవరికీ తెలియదు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాయం. ఆ ఏటికి గట్టు కొస లంక అంచు దగ్గరికి వచ్చి పాయ పీక నొక్కేసింది. ఇంకొక్క ఏడు గడిస్తే పాయ ఉండదు, పాయ లేకపోతే ఆ లంకలో ముప్ఫై కొంపలకి బతుకు లేదు.

అర్జీ మీద విచారణ వేశారు గానీ తేదీ వానల్లో పడింది. అప్పటికి గట్టూ పాయా అన్నీ నీళ్ళ కింద ఉంటాయి. విచారణ చేసే అధికారి స్వయంగా వచ్చినా చూసేందుకు నీళ్ళు తప్ప ఏమీ ఉండవు. "అందుకని ఇప్పుడే ఫొటో తీసి ఉంచాలండీ" అన్నారు ప్లీడరుగారు మా ఆయనతో.

మా ఆయన కట్లు కట్టిన చేతులు చూపించారు. హాఫ్ ప్లేటు కెమెరాని దోనెలో ఎక్కిస్తే దోనె మునుగుతుంది.

"మా ఆవిడ వెళ్తుంది" అన్నారు. "చిన్న కెమెరా ఉంది."

ప్లీడరుగారు నావైపు చూడకుండా, "ఆడవాళ్ళు, బురద..." అని నసిగారు. బురద ఆడవాళ్ళకి వేరు, మగవాళ్ళకి వేరు కాదండీ అన్నాను. ఆయనకి వేరే దారి లేదు.

లంక పెద్దావిడ ఒకరు దోనె తెచ్చారు. వయసు అరవై దాటి ఉంటుంది, పొడుగాటి గెడతో దోనెని తోస్తుంటే మాత్రం పాతికేళ్ళ పిల్లలా ఉన్నారు. గట్టు కొసకి ఎదురుగా, రాయి విసిరితే అందేంత దూరంలో ఒక దిబ్బ ఉంది. చుట్టుపక్కల గట్టి నేల అదొక్కటే. దిబ్బ ఎక్కగానే నాకు కనిపించినవి మూడు గుంటలు. మూడుకాళ్ళ స్టాండు దిగబడిన గుంటలు.

"ఇక్కడ ఎవరైనా ఫొటో తీశారాండీ?"

"కామందుగారి తాలూకు వాళ్ళు వచ్చారండి అమ్మగారూ, నాలుగు రోజులైందండి. పెద్ద పెట్టె. దొడ్డ పడవ కట్టుకొచ్చారండి."

సరేనని ఆ మూడు గుంటల నడిమధ్యే నిలబడ్డాను. ఎందుకు అక్కడే నిలబడాలనిపించిందో అప్పుడు చెప్పలేను గానీ, అవతలివాడు ఎక్కడ నిలబడి చూశాడో అక్కడే నిలబడి చూడటం మంచిదనిపించింది. పెద్దావిడ పాయ దగ్గరికెళ్ళి తన గెడని లంక అంచు మీద ఒక కొస, గట్టు మీద ఒక కొస ఆనించి అడ్డంగా పరిచారు. రెండున్నర బారల గెడ. రెండు కొసలూ పొడినేల మీదే ఉన్నాయి.

"ఇదేనండి ఇక మా పాయ. మా చిన్నతనంలో ఇందులో పది దోనెలు పక్కపక్కన పోయేవండి" అని గెడ పక్కన చతికిలబడ్డారు. ఆరు ఫొటోలు తీశాను.

వానలొచ్చాయి. కొల్లేరు నిండింది. విచారణ ఏలూరులోనే జరిగింది. ముందు రోజు ప్లీడరుగారు ఇంటికొచ్చి, ఫొటోలు మా ఆయనే తీశారని చెప్పిస్తే బరువుగా ఉంటుందన్నారు.

"ఆ దిబ్బ ఎలా ఉంటుందని వాళ్ళడిగితే ఈయన ఏం చెబుతారండీ? ఈయన కొల్లేరు చూసింది రైలు కిటికీలోంచి. నేను చెబుతాను" అన్నాను.

"మిమ్మల్ని నిలబెట్టి నానా మాటలూ అంటారమ్మా."

"అననివ్వండి."

మా ఆయన తల వంచుకుని కట్లు సర్దుకుంటూ, "అది చెబుతానంటే చెబుతుందండీ. మీకూ నాకూ కుదరని పని అది" అన్నారు.

అన్నట్టే అయింది. అవతలి ప్లీడరు ముందుగా తమ ఫొటో పెట్టారు. ఫుల్ ప్లేటు ఫొటో, నిగనిగలాడుతూ. ఎదురుగా విశాలంగా నీళ్ళు, ఎక్కడో దూరంగా గీత గీసినట్టు గట్టు, పక్కన అగ్గిపెట్టెల్లా పాకలు. చూసినవాళ్ళెవరైనా ఇంత నీళ్ళుండగా పాయ మూసేశారని ఏడుస్తారేమిటి అనుకుంటారు. తర్వాత నా ఫొటో తీసుకుని అధికారిగారి బల్ల మీద పక్కనే పెట్టారు. అందులో గట్టు దగ్గరగా, పెద్దగా ఉంది. గెడ, గెడ పక్కన పెద్దావిడ, స్పష్టంగా ఉన్నారు.

"ఇవి రెండూ ఒకే దిబ్బ మీంచి తీసినవని వీరంటున్నారండి" అన్నారాయన. "మా ఫొటోగ్రాఫరు వాడింది ఆరంగుళాల లెన్సు. ఈవిడది రెండంగుళాల లెన్సు. మూడింతలు పెద్ద లెన్సులో గట్టు ఇంత దూరంగా పడితే, బొమ్మలాటకి పనికొచ్చే రెండంగుళాల లెన్సులో ఇంత దగ్గరగా ఎలా పడింది? ఈవిడ ఆ దిబ్బ మీంచి తీయలేదు. వేరే గట్టో, వేరే పాయో తీసుకొచ్చి ఇక్కడ పెట్టారు. ఇది మోసం. దీన్ని కొట్టేయాలని మనవి."

హాల్లో అందరూ నావైపు చూశారు. మా ప్లీడరుగారి మొహం వెలవెలబోయింది. ఆయనకీ ఆ లెక్క నిజమేననిపించిందని నాకు అర్థమైంది. నా ఫొటో కొట్టేస్తే గెడ పోతుంది, గెడ పోతే పాయ పోతుంది. నాకు భయం వేయలేదు, కోపం వచ్చింది. నిజం చెప్పాలంటే నాకు కోపం వచ్చినప్పుడే మాట తిన్నగా వస్తుంది.

"తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటారండి. ఈయన లెన్సు పట్టుకున్నారు, ప్లేటు వదిలేశారు" అన్నాను. "వారి ప్లేటు ఎంతండీ? ఎనిమిదిన్నరకి ఆరున్నర. నాది ఇదిగోండి."

ఫిలిం ముక్క అధికారిగారి ముందు పెట్టాను. ఆయన బొటనవేలి కింద దాక్కుంది. తర్వాత స్టూడియో నుంచి తెచ్చుకున్న దారం తీసి వారి ఫొటోని మూలకి మూల కొలిచాను. పదిన్నర అంగుళాల పైచిలుకు. ఆరంగుళాల లెన్సు దానికి సగం కన్నా కాస్త ఎక్కువ, అంతే. నా ఫిలిం మూలకి మూల అంగుళం ముప్పాతికకి ఒక వెంట్రుకవాసి తక్కువ. నా లెన్సు దానికన్నా పొడుగు.

"ఆరంగుళాలు పెద్ద ప్లేటు మీద పొట్టి లెన్సండీ. గట్టుని దూరంగా తోసేది ఈ లెన్సే. రెండంగుళాలు నా చిన్న ఫిలిం మీద పొడుగు లెన్సు. వారు చూసినంత మేర నేనూ చూడాలంటే నా కెమెరాకి అంగుళం కూడా లేని లెన్సు వేయాలి."

"లెక్కలు ఎన్నైనా చెప్పచ్చండి" అన్నారు అవతలి ప్లీడరు.

"లెక్క నమ్మొద్దండీ. కళ్ళు నమ్మండి. ఒక కాగితం ఇప్పించండి."

గుమాస్తా తెల్లకాగితం, కొలబద్ద, చాకు ఇచ్చాడు. దాని నడుమ నాలుగంగుళాల పైన వెడల్పు, మూడంగుళాలకి కాస్త తక్కువ ఎత్తుతో కిటికీ కోశాను. వారి లెన్సు నా లెన్సుకి మూడింతలు కాబట్టి, కిటికీ కూడా నా ఫిలింకి మూడింతలు. ఆ కాగితాన్ని తీసుకెళ్ళి వారి ఫుల్ ప్లేటు ఫొటో మీద పరిచాను. చుట్టూ ఉన్న నీళ్ళన్నీ కాగితం కింద దాగిపోయాయి. కిటికీలో మిగిలింది నా ఫొటో. అవే మూడు పాకలు, మూడోదాని మీద అదే వంగిన వాసం, అదే గట్టు కొస, కొస దగ్గర అదే గండి. వారి ఫొటో కడుపులో నా ఫొటో కూర్చుని ఉంది. లేనిదల్లా గెడా, పెద్దావిడా.

అధికారిగారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. కాగితాన్ని తీశారు, పెట్టారు, మళ్ళీ తీశారు. గెడ పొడవు ఎంతని అడిగారు. పెద్దావిడ గెడ బయట వరండాలోనే ఉంది, తెప్పించి కొలిపించారు. నా ఫొటోలో గెడ ఎక్కడి నుంచి ఎక్కడికి ఆనిందో, వారి ఫొటోలో అదే మేర కంపాసుతో తానే గుర్తు పెట్టుకున్నారు. తర్వాత నావైపు తిరిగారు.

"ఈ ఫొటో తీసింది మీరేనామ్మా?"

"నేనేనండీ. వారి స్టాండు దిగిన గుంటల నడుమ నిలబడి తీశాను. గుంటలు కూడా తీసి పెట్టాను, చూపించమంటారా?"

అక్కర్లేదన్నారు. నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. నీరు తీయగానే గట్టు కొస ఇరవై గజాల మేర కొట్టేసి పాయ తెరవాలి. ప్లీడరుగారు మిఠాయి తెచ్చారు. నేను తిన్నాను గానీ, గట్టు తెగేదాకా తీపి తెలియదన్నాను. ఆయనకి కష్టమనిపించింది కాబోలు.

తెగలేదు. మళ్ళీ ఎండాకాలం వచ్చింది, నీరు తీసింది, గట్టు ఎప్పటిలాగే బయటపడింది. కామందు కొట్టడు. లంకవాళ్ళు పార పట్టుకుని వెళ్ళిన ప్రతిసారీ గట్టు మీద ఏడుగురు మనుషులు కర్రలతో నిలబడి ఉంటారు. ఎవరి మనుషులంటే ఎవరి మనుషులూ కారు. ప్లీడరుగారు మళ్ళీ అర్జీ పెడతానన్నారు, దానికి టైము పడుతుందన్నారు. తొలకరి మీదికొస్తోంది. తొలకరి నీటికి చేప ఎదురెక్కుతుంది. అప్పటికి పాయ తెరవకపోతే ఆ ఏడు లంకలో పొయ్యి రాజదు. పెద్దావిడ మా అరుగు మీద కూర్చుని ఈ మాట చెప్పి, ఏడవకుండా లేచి వెళ్ళిపోయారు.

రెండో రోజు పొద్దున్నే చిన్న కెమెరా కొంగున చుట్టుకుని బయల్దేరాను. మా ఆయన ఈసారి తానూ వస్తానన్నారు. వచ్చి దోనెలో గట్టిగా రెండు అంచులూ పట్టుకుని కూర్చున్నారు.

లంకవాళ్ళు పదిమంది పారలు పట్టుకుని అంచున నిలబడ్డారు. గట్టు మీద ఏడుగురూ ఉన్నారు. నేను దిబ్బ మీంచి కెమెరాలో చూశాను. ఏడుగురూ అగ్గిపుల్లల్లా ఉన్నారు. కర్రలు తెలుస్తున్నాయి గానీ మొహాలు తెలియవు. మొహం తెలియని ఫొటో ఎవడికి భయం? నా ఫిలిం మీద మొహం ఆనవాలు పట్టాలంటే ఆ దూరానికి లెన్సు అడుగుకి పైమాటే ఉండాలి. ఏలూరంతా వెతికినా అలాంటిది దొరకదు. వాళ్ళకీ ఆ సంగతి తెలిసినట్టే ఉంది. ఒకడు చేత్తో రమ్మన్నట్టు ఊపి నవ్వాడు.

లెన్సు పొడవు చాలనప్పుడు మనమే దగ్గరికి జరగాలి. అంతకుమించి ఏ పుస్తకంలోనూ లేదు. దిబ్బ దిగాను.

"ఇదుగో, ఆగవే" అన్నారు మా ఆయన వెనక నుంచి. ఆగలేదు. బురద మోకాళ్ళు దాటింది, పాయ నడుమ నీళ్ళు నడుముకొచ్చాయి. కెమెరా తల మీద పెట్టుకుని నడిచాను. వెనక మా ఆయన కూడా నీళ్ళలోకి దిగిన చప్పుడైంది. ఎండాకాలం ఉప్పెక్కిన ఆ నీళ్ళకి ఆయన పగిలిన చేతులు మండిపోతాయని నాకు తెలుసు. అయినా వెనక్కి తిరిగి చూడలేదు.

గట్టు కింద నాలుగు గజాల్లో నిలబడి కెమెరా కంటికి ఆనించాను. ఇప్పుడు అద్దంలో మనుషులున్నారు. ఒకడి బుగ్గ మీద మశూచి మచ్చలు కూడా తెలుస్తున్నాయి.

"ఏంటండీ అమ్మగారూ ఇది, ఆడకూతురు రావాల్సిన చోటేనాండీ?" అన్నాడు ముందున్నవాడు. కర్ర కాస్త పైకి లేచింది.

"కర్ర అలాగే ఉంచండి, బాగుంది" అన్నాను. "కాస్త ఎడమకి తిరగండి, మొహం మీద నీడ పడుతోంది. కదలకండేం."

వాడు కదిలాడు. తలపాగా గుడ్డ విప్పి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. రెండోవాడి వైపు తిప్పాను. వాడు పక్కవాడి వెనక్కి వెళ్ళాడు. పక్కవాడు ఇంకొకడి వెనక్కి వెళ్ళాడు.  ఇంకో నాలుగడుగులు ముందుకి వేశాను. ఈసారి గట్టు మీదే ఎక్కాను.

మొహానికి గుడ్డ పట్టుకున్న చేత్తో కర్ర ఎలా పట్టుకుంటాడు? ఒకడు గట్టు వెనక్కి దిగాడు. వాడి వెనక మిగతా వాళ్ళు. పరుగెత్తలేదు, నడిచే వెళ్ళారు, పని ఉండి వెళ్తున్నట్టు. వెళ్తున్నంతసేపూ నేను ఫొటోలు తీస్తూనే ఉన్నాను. లంకవాళ్ళతో పాయ దాటొచ్చిన పెద్దావిడ నా పక్కన మొదటి పార దెబ్బ వేశారు. తడిమట్టి పెళ్ళ విరిగి పాయలో పడింది. సాయంత్రానికి ఇరవై గజాలూ తెగాయి.

ఫిలిం కడిగి ఆరబెట్టి ప్లీడరుగారికి చూపించాను. ఆయన భూతద్దం పెట్టి ఒక్కొక్క బొమ్మా వెతికి పెదవి విరిచారు.

"ఒక్క మొహమూ లేదమ్మా. అన్నీ వీపులే. ఎవరు వచ్చారో దీంతో ఎలా తేల్చడం?"

"వచ్చినవాళ్ళని తేల్చే పని మీదండీ. వెళ్ళిపోయినవాళ్ళు ఏడుగురూ ఉన్నారు, లెక్క చూసుకోండి" అన్నాను.